ఇంజిన్ మార్చిన పాత లారీకి పొల్యూషన్, ఎఫ్‌సీ తిప్పలు లేకుండా చూసుకోవడం ఎలా

ఏపీ 03 నంబరుతో ఇంకా తిరుగుతున్న టాటా 407లు, టాటా 1613లు, లేలాండ్ కామెట్‌లు మన చిత్తూరు, తిరుపతి వైపు చాలానే ఉన్నాయి. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉన్న బండి ఒక్కటి చూపించమంటే మాత్రం కష్టం. లోడుతో మొగిలి ఘాట్ ఎక్కడం లేదని ఇంజిన్‌కు డీజిల్ కొట్టే పంపు పెంచి ఉంటారు, ఇంజిన్ సీజ్ అయిందని పాత సామాన్ల షాపులో దొరికిన ఇంకో ఇంజిన్ ఎక్కించి ఉంటారు, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే భాగం) లేని 407కి టర్బో ఇంజిన్ పెట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. బండి బాగా లాగుతుంది, కాదనను. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తేదీ దగ్గరపడ్డాకే టెన్షన్ మొదలవుతుంది.

ముందు కాగితాల సంగతి చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజిన్ మార్చాలంటే ముందే ఆర్టీఏ ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా మార్చేసినా, మార్చిన 14 రోజుల్లోపు తెలియజేసి ఆర్సీలో ఎంట్రీ చేయించమని అదే సెక్షన్ చెబుతుంది. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ల దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు కావాలి, ఫోన్లో సరే అన్నారంటే కుదరదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ వేయొచ్చు. ఒక్కో బండికి కాదు, ఒక్కో మార్పుకు, అది గుర్తుంచుకోండి.

పాత ఇంజిన్ కొనేటప్పుడు బ్లాక్ మీద నంబరు ఉన్నచోట గ్రీజు, మట్టి గీకించి, గుడ్డతో తుడిచి, టార్చి వేసి చదవండి. అంకెల మధ్య ఎడం తేడాగా ఉన్నా, ఆ చోటు గ్రైండింగ్ చేసినట్టు నున్నగా మెరుస్తున్నా వద్దని వచ్చేయండి, ధర ఎంత తక్కువైనా సరే. బిల్లులో ఆ నంబరు రాయించుకోండి. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ అయితే పని తేలిక. బీఎస్ అంటే భారత్ స్టేజ్, పొగ మీద ప్రభుత్వం పెట్టిన నార్మ్, అంకె పెరిగేకొద్దీ కట్టుదిట్టం. బీఎస్-3 బండికి అంతకంటే పాత నార్మ్ ఇంజిన్ దొరికిందని ఎక్కించడం మాత్రం మీ మెడకు మీరే గుదిబండ కట్టుకోవడమే.

ఇక పొగ. దేశమంతటా బీఎస్-3 వచ్చింది 2010లో, బీఎస్-4 2017 ఏప్రిల్‌లో, బీఎస్-6 2020 ఏప్రిల్‌లో. బీఎస్-4 కంటే పాత బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది, బీఎస్-4, ఆ పై బళ్లకు ఏడాది. డీజిల్ బండిని నిలబెట్టి, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ ఒక్కసారిగా పూర్తిగా తొక్కించి పొగ చిక్కదనం కొలుస్తారు. పాత బళ్లకు పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, బీఎస్-4కి 50. సర్టిఫికెట్ లేకుండా గానీ, పరిమితి దాటిన పొగతో గానీ దొరికితే 190(2) సెక్షన్ కింద 10,000 దాకా జరిమానా పడొచ్చు, డ్రైవర్ లైసెన్సు మూడు నెలలు పోవచ్చు. చేతిలో సర్టిఫికెట్ ఉన్నా, బండి నల్లగా వదులుతుంటే మళ్లీ టెస్ట్ చేయించమనే అధికారం బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) ఉంది. అందుకే బండి లేకుండా సర్టిఫికెట్ ఇప్పిస్తామనేవాళ్లకు దూరంగా దండం పెట్టండి సామీ.

పొగ రంగు చూస్తే సగం విషయం తెలిసిపోతుంది. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, పిస్టన్ రింగులో, వాల్వు గైడ్లో, టర్బో సీలో ఏదో ఒకటి పోయి ఉంటుంది, దానికి పంపు మెకానిక్ ఏమీ చేయలేడు. వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే పంపు టైమింగో, డీజిల్ చల్లే నాజిలో చూడాలి, లేదంటే నీళ్లు లోపలికి దిగుతున్నాయేమో చూసుకోవాలి. మన బళ్ల గొడవ ఎక్కువగా నలుపుతోనే, అంటే ఉన్న గాలికి డీజిల్ ఎక్కువైంది. గాలి ఆడని పొయ్యిలో కట్టెలు కుక్కినట్టు. కాబట్టి ముందు గాలి చూడండి: ఎయిర్ ఫిల్టర్ (గ్రానైట్ క్వారీల్లో తిరిగే బళ్లకైతే దుమ్ముకు ఊరికే మూసుకుపోతుంది), టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే రేడియేటర్ లాంటిది) వెళ్లే హోసు, దాని క్లిప్పులు. హోసు అడుగున చేయి పెట్టి తడిమితే చీలిక దగ్గర నూనె జిడ్డు తగులుతుంది. ఆ ఒక్క హోసు మారిస్తేనే పొగ సగం తగ్గే బళ్లున్నాయి.

తర్వాత నాజిల్స్ విప్పించి టెస్టర్ మీద పెట్టించండి, పక్కనే నిలబడి చూడండి. హ్యాండిల్ కొట్టినప్పుడు డీజిల్ సన్నటి మంచులా విచ్చుకోవాలి, చివర చుక్క వేలాడితే ఆ నాజిల్ పోయినట్టే. పంపును బెంచ్ మీద కంపెనీ లెక్కకు కాలిబ్రేషన్ చేయించి, సీలు వేయించి, రసీదు తీసుకోండి. "కొంచెం ఎక్కువ పెట్టన్నా, ఘాట్‌లో లాగాలి" అని అక్కడే నిలబడి చెప్పేది మనవాళ్లే, తర్వాత పొగ అని ఏడ్చేదీ మనవాళ్లే. టర్బో లేని ఇంజిన్‌కు బయటి నుంచి టర్బో తగిలించే పని నా లెక్కలో దండగ, పిస్టన్లు, పంపు దానికి తగ్గట్టు లేకపోతే పొగా తగ్గదు, ఇంజినూ నిలవదు.

టెస్ట్‌కు చల్లటి ఇంజిన్‌తో వెళ్లొద్దు. రేణిగుంట రోడ్డు మీదో ఇంకెక్కడో కాస్త దూరం బాగా తోలి, సైలెన్సర్‌లో పేరుకున్న మసి వదిలించాకే వెళ్లండి. డీజిల్‌లో పోసే సీసాల మందు మీద డబ్బు పెట్టే బదులు ఫిల్టర్లు మార్చండి.

సెకండ్ హ్యాండ్‌లో బీఎస్-4 బండి కొంటున్నారా, యాడ్‌బ్లూ (పొగలోని విషవాయువు తగ్గించడానికి పోసే యూరియా ద్రవం) ఉన్న మోడల్ అయితే ఆ సిస్టమ్ నిజంగా పనిచేస్తోందా, పనిచేస్తున్నట్టు బండిని నమ్మించే బైపాస్ బాక్సు పెట్టారా అని చూసుకోండి. ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) పైపుకు రేకు ముక్క పెట్టి మూసేసినా అదే తప్పు. పొగ టెస్ట్ పాసైనంత మాత్రాన అది చట్టబద్ధం కాదు. సీఎన్‌జీకి మార్చుకునేవాళ్లు మీ మోడల్‌కు ఆమోదం ఉన్న కిట్టే వేయించి, ఆర్సీలో ఇంధనం మార్పించుకోవాలి. సిలిండర్‌కు మూడేళ్లకోసారి ప్రెషర్ టెస్ట్ ఉంటుంది.

ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఎఫ్‌సీ ఏటా చేయించాల్సిందే. దానికి నెల ముందే నాజిల్స్, పంపు పని పెట్టుకోండి, ఇంజిన్ మార్పు ఎంట్రీ ఆర్సీలో పడిందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోండి, గ్రీన్ ట్యాక్స్ బాకీ ఉంటే కట్టేయండి. ఇంజిన్ బిల్లు, అనుమతి కాగితం, పంపు రసీదు మూడూ జిరాక్సులు తీసి క్యాబిన్‌లో పెట్టండి, ఒరిజినల్స్ ఇంట్లో ఉంచండి. డ్రైవర్ మారితే కొత్తతనికి అవి ఎక్కడున్నాయో చూపించండి.