ఊరికి దారి చెప్పడమెలా: పుంత మొదలు బీచ్ రోడ్డు దాకా

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పంట రుణాల పని అప్పజెప్పారు. చేలు చూసి రావాలి. గోదావరి జిల్లాలో ఒక పెద్దాయన్ని పొలం ఎటని అడిగితే, "ఇలా పుంతలోకి దిగి తిన్నగా పోండి బాబూ" అన్నాడు. మాది అనంతపురం. పుంత అంటే ఏదో ఊరు కాబోలు అనుకున్నాను, తిన్నగా అంటే మెల్లగా అనుకున్నాను. పుంత ఊరెక్కడని అరగంట అడుగుతూ తిరిగాను. చివరికి స్కూటరు బురదలో కూరుకుపోయాక, తోయడానికొచ్చిన కుర్రాడు చెప్పాడు, నేను నిలబడ్డ ఆ పొలాల దారే పుంత అని, తిన్నగా అంటే నేరుగా అని.

ఆ తర్వాత ఎన్నో బదిలీలు. ఇప్పుడు విశాఖలో స్థిరపడ్డాం. ఎండాకాలం వస్తే చుట్టాలు దిగుతారు. "లొకేషన్ పంపు బావా, చాలు" అంటారు. పంపుతాను. దాంతోపాటు నాలుగు ముక్కలు రాసి కూడా పంపుతాను, ఎందుకంటే ఫోన్ చూపించే గీతకు అది తారు రోడ్డో కాలవ గట్టో తెలియదు.

దారి రాసేటప్పుడు ముందు చెప్పాల్సింది రోడ్డు దేనితో వేసిందో. తారు, సిమెంటు, కంకర, మట్టి. తెలంగాణలో మొరం రోడ్డు అంటే ఆంధ్రలో గ్రావెల్ రోడ్డు అంటారు, రెండూ ఎర్రగానే ఉంటాయి. "తారు రోడ్డు అయిపోయిన చోట ఎడమకి" అని రాస్తే దాన్ని మించిన గుర్తు లేదు. హోటళ్ళ బోర్డులు మారుతాయి, వేపచెట్లు కొట్టేస్తారు. తారు ఎక్కడ ఆగిందో అక్కడే చాలా ఏళ్ళు ఆగిపోయి ఉంటుంది!

పొలాల మధ్య దారి పేరు మాత్రం జిల్లా చూసి రాయాలి. గోదావరి వైపు పుంత. కృష్ణా, గుంటూరు వైపు అదే డొంక. తీగ లాగితే కదిలే డొంక పొద, ఇది దారి, కంగారు పడకండి. ఉత్తరాంధ్ర పల్లెల్లో గోర్జి అంటారు. మా సీమలో బండ్ల రస్తా. ఇవన్నీ ఎడ్లబండి పట్టేంత వెడల్పువి, అటూ ఇటూ తుప్పలో తుమ్మచెట్లో ఉంటాయి. కారు పడుతుందా లేదా అన్నది విడిగా రాయండి. మనిషి మాత్రమే పోగలిగితే కాలిబాట అనండి.

గట్టు అన్న మాటతో ఇంకా జాగ్రత్త. పొలం గట్టు మీద మనిషి నడుస్తాడు. కాలవ గట్టు మీద మోటారు సైకిలు పోతుంది. గోదావరి ఏటిగట్టు మీద బస్సే పోయే చోట్లున్నాయి. కృష్ణ దగ్గర దాన్నే కరకట్ట అంటారు. నేనోసారి మా బావమరిదికి "గట్టు మీదుగా వచ్చెయ్" అని ఊరుకున్నాను. అతను కారును కాలవ గట్టు ఎక్కించి, తిప్పుకునే చోటు లేక చాలా దూరం వెనక్కి నడుపుకుంటూ వెళ్ళాడు. ఆ సంగతి ఇప్పటికీ మా ఇంట్లో పెళ్ళిళ్ళలో చెప్పుకుంటారు, తప్పు నాదనే చెప్పుకుంటారు.

నాలుగు రోడ్లు కలిసే చోటుకి రాతలో కూడలి బాగుంటుంది గానీ, ఆటో ఎక్కి కూడలి అంటే డ్రైవరు మన మొహం చూస్తాడు. హన్మకొండలో చౌరస్తా, గుంటూరులో సెంటర్, విశాఖలో జంక్షన్, అనంతపురంలో సర్కిల్. బెజవాడ వాళ్ళు అన్నిచోట్లా సెంటర్ అని, బెంజి దగ్గరికొచ్చేసరికి సర్కిల్ అంటారు. దారి అన్న మాటే మా సీమలో దోవ, ఉత్తరాంధ్రలో తోవ, తెలంగాణలో తొవ్వ. నేరుగా అనడానికి తెలంగాణలో సీదా, సక్కగ. గోదావరి వాళ్ళ తిన్నగా సంగతి చెప్పాను కదా.

హైవే నంబర్లు పాతవీ కొత్తవీ రెండూ రాయండి. 2010లో మార్చారు. విజయవాడ, విశాఖ మీదుగా పోయేది పెద్దవాళ్ళకి ఇంకా ఐదో నంబరు రోడ్డే, అది ఇప్పుడు 16. హైదరాబాదు మీదుగా కర్నూలు, అనంతపురం పోయే ఏడు 44 అయింది. విజయవాడ, హైదరాబాదు మధ్య తొమ్మిది 65 అయింది. సరి సంఖ్య ఉత్తర దక్షిణాలుగా, బేసి సంఖ్య తూర్పు పడమరలుగా పోతుంది. మూడంకెలుంటే అది కొమ్మ, 16కి 216 లాగా. కిలోమీటరు రాయి తల పసుపుగా ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్రానిది. అన్నట్టు, రాహ్‌దారీ అన్న పార్శీ మాటకి మొగలాయీల కాలంలో దారి సుంకం అని అర్థం. టోల్ గేటు దగ్గర నిలబడ్డప్పుడల్లా ఇది గుర్తొస్తుంది.

ఇక చుట్టాలందరూ అడిగేది సముద్రం పక్కన పోయే రోడ్డు. పత్రికల్లో తీర రహదారి అని రాస్తారు, నోటితో ఎవరూ అనరు. బీచ్ రోడ్డు అంటేనే దారి తెలుస్తుంది. అయితే తీరం దగ్గర పోయే రోడ్డు వేరు, సముద్రం కనబడే రోడ్డు వేరు. మా తోడల్లుడు మ్యాపు చూసి 216 సముద్రాన్ని ఆనుకుని ఉందని, ఒంగోలు నుంచి కాకినాడ దాకా దాని మీదే వచ్చాడు. చించినాడ వంతెన, ఎదుర్లంక వంతెన, మధ్యలో కొబ్బరి తోటలు, చేపల చెరువులు చూశాడు. "ఒక్క అలైనా కనబడలేదయ్యా" అని నామీద విసుక్కున్నాడు. అది కోస్తా హైవే, బీచ్ రోడ్డు కాదు.

సముద్రం కావాలంటే విశాఖ నుంచి భీమిలి రోడ్డు చెప్పండి. ఏ పక్క కూర్చోవాలో కూడా చెప్పండి. మా అక్క కూతురికి నేను పంపింది ఇలా ఉంటుంది:

"ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర మొదలుపెట్టు. తెల్లవారుజామున నడిచేవాళ్ళ కోసం అక్కడ కొంతసేపు బళ్ళు ఆపేస్తారు, కాస్త ఆగి బయల్దేరు. సముద్రం నీ కుడిచేతి వైపు ఉండాలి, ఎడమ వైపు ఉందంటే తిరగబడి పోతున్నావన్నమాట. జోడుగుళ్ళపాలెం దాటాక ఎడమకి కైలాసగిరి కొండ, తర్వాత రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు. గోస్తని సముద్రంలో కలిసే చోటుకొస్తే భీమిలి వచ్చేసినట్టు. శ్రీకాకుళం వైపు నుంచి వస్తే ఇదంతా వద్దు, 16 మీద తగరపువలసలో దిగిపో. ఫొటోలు తీసేది తిరిగి వచ్చేటప్పుడు, అప్పుడు సముద్రం మన పక్కనే ఉంటుంది, మధ్యలో ఎదురొచ్చే బళ్ళు అడ్డుండవు."

కాకినాడ నుంచి ఉప్పాడ బీచ్ రోడ్డు ఇంకా దగ్గర్నుంచి సముద్రాన్ని చూపిస్తుంది, ఒక్కోసారి మరీ దగ్గర్నుంచి. అక్కడ కడలి ఒడ్డును తినేస్తూ ఉంటుంది. అలలు రోడ్డు మీదికి వచ్చి కోసేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. జాందానీ చీరల కోసం ఉప్పాడ వెళ్తామని ఎవరైనా అంటే ముందు వాతావరణం అడగండి. వాయుగుండం అన్న మాట వినబడిందా, బీచ్ రోడ్డు పేరెత్తకుండా పిఠాపురం మీదుగా రమ్మని రాయండి.