దసరాకి కొత్త చిట్టీ వేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

నా డబ్బు, నా ఇష్టం, మధ్యలో సర్కారు ఎందుకు? స్వేచ్ఛావాదుల ఈ మాట నాకు ఇప్పటికీ చాలావరకు నచ్చుతుంది. కొత్తపేటలో మా గల్లీలో ఇరవై మందిమి చిట్టీ వేసుకున్నప్పుడు కూడా నేను అదే అన్నాను. పద్నాలుగో నెలలో నడిపే ఆయన ఇంటికి తాళం పడింది. మాకు దొరికింది ఒక చిన్న నోటుబుక్కు. పెన్సిల్‌తో రాసిన ఆ లెక్కలో ఒకే నెల పాట ఇద్దరి పేర్ల మీద ఉంది. మేం ఒప్పుకున్న చిట్టీ వేరు, ఆయన నడిపిన చిట్టీ వేరు. లెక్క చూడనివ్వని చోట నా ఇష్టం అనే మాటకి విలువేముంది?

చిట్‌ఫండ్ కంపెనీకి బోర్డు, ఆఫీసు ఉంటే చాలదు. 1982 చట్టం ప్రకారం మీరు చేరే గ్రూపు కూడా చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు కావాలి. చిట్టీ మొత్తానికి సరిపడా పూచీ ముందే కట్టి ఉండాలి. ఆ కాగితం చూపించమని అడగండి. మొహమాటపడొద్దు. కమిషన్ 7 శాతం దాటకూడదు, 2019 సవరణకి ముందు అది 5 శాతమే. ప్రతి పాటకీ మినిట్స్, అంటే ఆ రోజు ఏం జరిగిందో రాసి, వచ్చినవాళ్ల సంతకాలు తీసుకోవాలి. ఒక్క నెలైనా వెళ్లి ఆ పుస్తకం తిప్పి చూడండి. డబ్బు చిట్టీ ఖాతాకే పంపండి, నడిపేవాళ్ల సొంత నంబరుకి ఫోన్‌పే చేయొద్దు. చిట్టీ ఎత్తేటప్పుడు ఖాళీ చెక్కుల మీద సంతకం అస్సలు పెట్టొద్దు.

ప్రీలాంచ్ ఫ్లాట్లదీ, అంటే అనుమతులు రాకముందే అమ్మే ఫ్లాట్లదీ ఇదే సంగతి. రెరా, అంటే రియల్ ఎస్టేట్‌ని చూసే సర్కారు సంస్థ, ఇచ్చిన నంబరు లేనిదే రూపాయి కట్టొద్దు. నంబరున్నా, అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందు 10 శాతానికి మించి అడిగితే వెనక్కి వచ్చేయండి.

కాగితం ఉంది కదా అని నిద్రపోవద్దు. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ లెక్కల మీద ఆడిటర్ల సంతకాలున్నాయి. అయినా 2009 జనవరిలో తేలిందేమిటంటే, బ్యాంకులో ఉందని చూపిన సొమ్ములో ఐదు వేల కోట్లకు పైగా లేనే లేదు. అందుకే సర్కారు చూస్తున్నా మీరూ చూడాలి.

పాడినవాళ్లకి డబ్బు ఆలస్యమైతే వెంటనే పాస్‌బుక్ జిరాక్స్ తీసి, ఆ గ్రూపు రిజిస్టరైన ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. వచ్చే నెల ఇస్తానన్నాడు కదా అని మేం మూడు నెలలు ఆగాం. ఆ మూడు నెలల్లోనే ఆయన సామాను సర్దుకున్నాడు.