తిరుపతి నుంచి ఒక్కరోజులో వెళ్లి చెన్నై సెంట్రల్‌ని తీరిగ్గా చూడటం ఎలా?

తిరుపతి వాళ్లకు చెన్నై సెంట్రల్ కొత్త కాదు. పెళ్లి చీరలకో, పెద్దాసుపత్రికో, వీసా పనికో ఎప్పుడో ఒకసారి అక్కడ దిగినవాళ్లమే. దిగగానే బ్యాగు భుజాన వేసుకుని ఆటో కోసం పరుగు. నేనూ ఇరవై ఏళ్లు అలాగే తిరిగాను. ఒకరోజు పని తొందరగా అయిపోయి రైలుకు రెండు గంటలు మిగిలాయి. రోడ్డుకు అవతలి వైపు నిలబడి టీ తాగుతూ తలెత్తితే ఆ ఎర్రటి భవనం మొత్తం ఒక్కసారిగా కంటపడింది. ఇన్నేళ్లూ దీన్ని చూడకుండా దాని కిందనుంచే వెళ్లిపోయానే అని బాధేసింది. అప్పటినుంచి చుట్టాలను, స్నేహితులను పనిగట్టుకుని తీసుకెళ్లి చూపిస్తున్నాను. మీరే వెళ్లి చూడాలంటే ఇలా చేయండి.

ముందు చంద్రగిరి వెళ్లండి

చెన్నై ప్రయాణానికి వారం ముందు చంద్రగిరి కోట చూసి రండి. మనూరి పక్కనే కదా అని దాటేయకండి. కోటలోని రాజమహల్ మూడంతస్తుల కట్టడం. రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కలప వాడలేదు. ముందు కింది అంతస్తులు చూడండి: వరసగా కమానులు, ముస్లిం కట్టడాల తీరు. తర్వాత పైకి చూడండి: మన గుడి శిఖరాల్లాంటి బురుజులు. ఈ రెండూ ఒకే గోడ మీద ఎలా కలిశాయో కాసేపు గమనించండి. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లిష్ ఆర్కిటెక్టులు ఇలాంటి కలయికనే పట్టుకుని కొత్త భవనాలు కట్టారు. దానికి ఇండో సారసెనిక్ అని పేరొచ్చింది.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. సెంట్రల్ స్టేషన్‌కు ఇప్పటి రూపం ఇచ్చిన రాబర్ట్ చిజమ్ మన చంద్రగిరి మహల్ గురించి 1883లో ఒక వ్యాసం రాశాడు. ఆయన మెచ్చిన కట్టడం చూసి వెళ్తే ఆయన చేయి పడిన స్టేషన్ ఇంకా బాగా అర్థమవుతుంది. శుక్రవారం మ్యూజియంకు సెలవు, మరో రోజు పెట్టుకోండి.

రైలు

పొద్దున తిరుపతిలో బయల్దేరే గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం మీదుగా మధ్యాహ్నానికి బాగా ముందే సెంట్రల్ చేరుస్తుంది. సాయంత్రం అదే పేరుతో తిరుగు రైలుంది. టైములు మారుతుంటాయి కాబట్టి ముందురోజు చూసుకోండి. యాప్‌లో ఎంజీఆర్ చెన్నై సెంట్రల్ అని కనిపిస్తుంది, 2019లో ఆ పేరు పెట్టారు.

చిత్తూరు వాళ్లకు కాట్పాడి వెళ్లి రైలెక్కడం సులువు. ఆ దారిలో వాలాజా రోడ్ స్టేషన్ వస్తుంది, కిటికీలోంచి ఒకసారి చూడండి. 1856 జూలై 1న దక్షిణ భారతంలో తొలి ప్రయాణికుల రైలు మద్రాసు రాయపురం నుంచి అక్కడికే నడిచింది.

సెంట్రల్ దగ్గర

దిగగానే బయటికి పరిగెత్తకండి. సామాను ఉంటే క్లోక్ రూమ్‌లో పెట్టేయండి. తాళం వేయని బ్యాగు తీసుకోరు, చిన్న తాళం ఒకటి దగ్గర ఉంచుకోండి. తర్వాత సబ్‌వే గుండా పూనమల్లి హైరోడ్డు దాటి, జనరల్ ఆస్పత్రి వైపు వెళ్లి వెనక్కి తిరగండి. భవనం దక్షిణ ముఖంగా ఉంటుంది. దగ్గర నిలబడితే గోడలే కనిపిస్తాయి, ఇక్కడినుంచైతేనే మొత్తం రూపం కంటికి అందుతుంది.

ఇప్పుడు పైనుంచి కిందికి చూస్తూ రండి. మధ్యలో ఉన్న గడియారం టవర్ ఎత్తు 136 అడుగులు, నాలుగు వైపులా గడియారాలే. పక్కనున్న టవర్ల తలల మీద కేరళ ఇళ్ల పైకప్పుల్లాంటి టోపీలు కనిపిస్తాయి. వాటిని ట్రావెన్‌కోర్ టోపీలు అంటారు. ఈ స్టేషన్ 1873లో మొదలైనప్పుడు జార్జ్ హార్డింగ్ డిజైన్‌తో నాలుగు ప్లాట్‌ఫాంలే ఉండేవి. అది గోథిక్ తరహా, అంటే ఐరోపాలోని పాత చర్చిల పోలిక. గడియారం టవర్, ఆ టోపీలు తర్వాత చిజమ్ చేర్చినవి. ఆ మార్పులు 1900కు పూర్తయ్యాయి. కింద విదేశీ గోడ, పైన మన దేశపు తలపాగా. చంద్రగిరిలో చూసింది ఇక్కడ మీకు గుర్తొచ్చి తీరుతుంది.

పక్కనే విక్టోరియా పబ్లిక్ హాల్ ఉంది, అదీ చిజమ్‌దే. దాని పక్కన తెల్లగా మెరిసేది 1913 నాటి రిప్పన్ బిల్డింగ్. ఈ రెండూ బయటినుంచి చూస్తే చాలు.

మళ్లీ లోపలికి వెళ్లాలంటే పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్ తీసుకోండి, రెండు గంటలు చెల్లుతుంది. జ్ఞాపకానికి ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ట్రైపాడ్, పెద్ద కెమెరాలతో షూటింగ్ చేయాలంటే ముందే అనుమతి ఉండాలి. పోలీసులు వద్దంటే ఆపేయండి. రీల్స్ కోసం పట్టాల మీదికి మాత్రం దిగకండి. అది నేరం, అంతకుమించి ప్రాణాలతో చెలగాటం.

ఎగ్మోర్, రాయపురం

సెంట్రల్ నుంచి మెట్రో గ్రీన్ లైన్‌లో ఒక్క స్టేషన్ దూరం ఎగ్మోర్. నన్నడిగితే అందంలో ఇదే ముందు, ఈ మాట మీద ఇంట్లో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంటుంది. 1908లో తెరిచారు. గీసింది హెన్రీ ఇర్విన్, మైసూరు ప్యాలెస్ ఆర్కిటెక్ట్ కూడా ఆయనే. మైసూరు వెళ్లొచ్చినవాళ్లు ఇక్కడి గుమ్మటాలు చూడగానే గుర్తుపడతారు. ఎర్ర గోడల మీద తెల్లటి అంచులను దగ్గరికెళ్లి చూడండి. కొన్నేళ్లుగా అభివృద్ధి పనులు సాగుతున్నాయి, కొంత భాగానికి అడ్డుగా రేకులు ఉండొచ్చు.

టైముంటే ఆటోలో రాయపురం వెళ్లండి. ఇప్పుడది చిన్న లోకల్ స్టేషన్, జనం తక్కువ. దక్షిణ భారతంలో నిలిచి ఉన్న స్టేషన్ భవనాల్లో అన్నిటికన్నా పాతది ఇదే. 1856 జూన్ 28న గవర్నర్ లార్డ్ హారిస్ ప్రారంభించాడు. 1907లో సెంట్రల్ ప్రధాన స్టేషన్ అయ్యేదాకా మద్రాస్ రైల్వేకు ఇదే పెద్ద దిక్కు. ముందువైపు నిలువెత్తు స్తంభాలు చూడండి. 2005లో బాగుచేశారు. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు వెంట ఉంటే దీన్ని ఇంకో ప్రయాణానికి ఉంచుకోండి, ఎండలో అలసిపోతారు.

తిరుగు ప్రయాణం

రైలుకు ముప్పావుగంట ముందే సెంట్రల్ చేరండి. గడియారాలు వెలుగుతుండగా చూడాలనిపిస్తే సాయంత్రం తిరుగు రైలుకు టికెట్ తీసుకోకండి. చీకటి పడ్డాక చూసి, మాధవరం బస్టాండుకు వెళ్తే తిరుపతి బస్సులు దొరుకుతాయి. మా అమ్మను మొన్న అలాగే తీసుకెళ్లాను. ఆమె ఇంకా చెన్నపట్నం అనే అంటుంది. కాళహస్తి ప్రాంతపు దామెర్ల చెన్నప్ప నాయకుడి పేరు మీదే ఆ ఊరికి ఆ పేరొచ్చిందని రోడ్డు అవతల నిలబడి చెప్తే, "అయితే మనోళ్ల ఊరేరా" అని దీపాలు వెలిగేదాకా అక్కడినుంచి కదల్లేదు.