శరత్కాలపు నడకలో ఏరినవాటితో గోడపటం

మన వైపు ఆకులు రాలే కాలం శిశిరం. శరత్తులో రెల్లు పూస్తుంది, కాయలు ఎండుతాయి. అందువల్ల అక్టోబరు, నవంబరు నెలల్లో బెంగళూరు దాటి దేవనహళ్లి, చిక్కబళ్లాపురం వైపు చెరువు గట్ల మీద నడిచేవారు రంగురంగుల ఆకుల కోసం వెతకనక్కరలేదు. రెల్లు కుచ్చులు, సరుగుడు కాయలు, కానుగ కాయలు, తురాయి చెట్ల కింద పడి ఉండే మూరెడు నల్లటి కాయలు, చెరువు గట్టున రావి ఆకులు: ఒక పటానికి ఇవి చాలు.

రెల్లు తప్ప మిగతావన్నీ రాలినవే ఏరుకోవాలి. రెల్లును మాత్రం కుచ్చు పూర్తిగా విచ్చకముందే కోయాలి, లేకుంటే ఇంటికి చేరేలోగా దూది రాలిపోతుంది. రాగి వెన్ను కావాలంటే రైతును అడగాలి. ఆ పల్లెల్లో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారు కనుక అది కష్టమేమీ కాదు. పిడికిలి ముడిచినట్టు లోపలికి వంగిన ఆ వెన్నుకు సాటి వచ్చే ఆకారం ఈ పటంలో మరొకటి ఉండదని నా నమ్మకం. బన్నేరుఘట్ట వంటి రక్షిత అడవుల్లో మాత్రం రాలిన ఆకైనా తీయకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అందుకు ఒప్పుకోదు. బీడు భూముల్లో తెల్లగా పూసే వయ్యారిభామను, ముట్టుకుంటే దురద పెట్టే దూలగొండి కాయలను వదిలేయాలి. గురివింద గింజలు ఎంత ముచ్చటగా ఉన్నా విషపూరితమైనవి కనుక, పిల్లలున్న ఇంటికి తేకపోవడమే మంచిది.

బెంగళూరులో అక్టోబరు వానలు ఆగవు కాబట్టి ఆరబెట్టడంలోనే అసలు జాగ్రత్త అంతా ఉంది. రెల్లును కట్టగా కట్టి, తలకిందులుగా, గాలి ఆడే నీడలో రెండు వారాలు వేలాడదీయాలి. కాయల్లో పురుగులు ఉంటాయి. వాటిని సంచిలో మూటగట్టి రెండు మూడు రోజులు ఫ్రీజరులో ఉంచి, తరువాత ఎండలో పోయాలి. ఏ మాత్రం తడి మిగిలినా అద్దం వెనుక బూజు పడుతుంది.

పటానికి మధ్యలో, గుజ్జంతా పోయి ఈనెలు మాత్రమే వలలా మిగిలిన రావి ఆకు జాలి పెట్టడం నాకు ఎంతో ఇష్టం. చిరుగులు లేని, ముదురు ఆకులను వెడల్పాటి పాత్రలో నీట ముంచి మూడు నాలుగు వారాలు ఉంచాలి. వారానికొకసారి నీరు మార్చాలి, దోమలు గుడ్లు పెట్టకుండా పాత్ర మీద పలుచని గుడ్డ బిగించి కట్టాలి. వాసన వస్తుంది కనుక బాల్కనీలో ఉంచడం మేలు. ఆకుపచ్చ భాగం వేలితో నొక్కితే జారిపోయే స్థితికి వచ్చాక, ఆకును పళ్లెంలో కొద్దిపాటి నీటిలో పరిచి, మెత్తని టూత్‌బ్రష్‌తో తొడిమ నుంచి అంచు వైపు నెమ్మదిగా తట్టాలి. రుద్దితే ఆకు కొసన ఉండే సన్నని తోక తెగుతుంది, తోక తెగితే అది రావి ఆకులా కనిపించదు. గుజ్జు పోయిన కొద్దీ సాలెగూడు వంటి అల్లిక బయటపడుతుంది. దానిని రెండు వార్తాపత్రికల నడుమ పెట్టి, పైన బరువుంచి, కాగితాలు రోజూ మారుస్తూ ఆరనివ్వాలి. అంత ఓపిక లేనివారు లీటరు నీటికి రెండు చెంచాల చాకలి సోడా వేసి గంటసేపు సన్నని మంట మీద ఉడికించవచ్చు. స్టీలు గిన్నెనే వాడాలి, చేతులకు తొడుగులు వేసుకోవాలి, ఎందుకంటే ఆ సోడా అల్యూమినియాన్నీ చర్మాన్నీ తినేస్తుంది.

ముదురు రంగు ఖద్దరు గుడ్డ పరిచిన దళసరి అట్ట మీద అన్నిటినీ ముందు అంటించకుండా అమర్చి, ఒక పూట అలాగే వదిలి మళ్లీ చూడాలి. జాలికి ఫెవికాల్‌ను సూదిమొనతో ఈనెల వెంట మాత్రమే చుక్కలుగా పెట్టాలి. బరువైన తురాయి కాయలను సన్నని తీగతో అట్టకు కుట్టాలి. అద్దానికీ కాయలకూ మధ్య అంగుళం ఖాళీ ఉండే లోతైన చట్రం చేయించి, వానకు తడిసే బయటి గోడకు కాక, ఎండ నేరుగా పడని లోపలి గోడకు తగిలించాలి.