ఇన్‌బాక్స్ పాఠాలు – 3: అడ్రసుకు తోక తగిలిద్దాం

కిందటి పాఠంలో జీమెయిల్‌లో లేబుళ్లు (మెయిళ్లను విడివిడిగా సర్దుకునే అరల్లాంటివి) చేసుకున్నాం. ఈసారి మెయిల్ తనంతట తానే వెళ్లి వాటిలో పడేలా చేద్దాం. మన అడ్రసు ఎవరి దగ్గర్నుంచి బయటికి పొక్కిందో కూడా దీంతోనే పట్టుకోవచ్చు.

మీ అడ్రసు మీపేరు@జీమెయిల్.కామ్ అనుకోండి. @ కు ముందు + పెట్టి, పక్కన ఏదో ఒక మాట రాయండి: మీపేరు+కోచింగ్@జీమెయిల్.కామ్. టైపు చేసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే. కొత్తగా ఎక్కడా రిజిస్టర్ చేయక్కర్లేదు. జీమెయిల్ ఆ తోకను పట్టించుకోకుండా మెయిల్‌ని మీకే చేరుస్తుంది. అవుట్‌లుక్.కామ్‌లోనూ ఇదే పద్ధతి.

విశాఖ ద్వారకానగర్‌లో రెండు కోచింగ్ సెంటర్లలో ఎంక్వైరీ ఫారం నింపారనుకుందాం. ఒకచోట +డీఎన్1, ఇంకోచోట +డీఎన్2 అని ఇచ్చారు. కొన్నాళ్లకి ముక్కూమొహం తెలియని లోన్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. దాన్ని తెరిచి, పంపినవాళ్ల పేరు కింద 'టు' అన్నచోట ఉన్న చిన్న బాణం నొక్కండి. అక్కడ డీఎన్2 ఉంటే, ఆ అడ్రసు రెండో సెంటర్ నుంచే పోయింది. వాళ్లే అమ్మారా, వాళ్ల దగ్గర ఎవరైనా కొట్టేశారా అన్నది మాత్రం దీన్నిబట్టి తేలదు. అందుకే వెంటనే ఫోన్ చేసి గొడవపడకండి. 'టు'లో మీ అడ్రసు కనబడకపోతే కంప్యూటర్‌లో ఆ మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' తెరిచి, అందులో డీఎన్ అని వెతకండి.

ఇక ఫిల్టర్, అంటే వచ్చిన మెయిల్‌ని దానంతట అదే లేబుల్‌లోకి పంపే ఏర్పాటు. ఇది ఫోన్ యాప్‌లో కుదరదు, కంప్యూటర్ కావాలి. సెర్చ్ పెట్టె కుడి చివరి గుర్తు నొక్కి, 'టు' గడిలో తోకతో సహా అడ్రసు రాసి, 'క్రియేట్ ఫిల్టర్' నొక్కండి. 'స్కిప్ ద ఇన్‌బాక్స్', 'అప్లై ద లేబుల్' టిక్ పెట్టండి. అడ్రసు పొక్కించిన తోకకైతే 'డిలీట్ ఇట్' చాలు.

జగదాంబ జంక్షన్‌లో బట్టలు కొని, బిల్లింగ్ కౌంటర్లో నోటితో "ప్లస్" అని చెబితే ఆ అమ్మాయి పి-ఎల్-యు-ఎస్ అని టైపు చేసే ప్రమాదం ఉంది. కాగితం మీద రాసివ్వండి. కొన్ని వెబ్‌సైట్లు + ని అసలు ఒప్పుకోవు. అలాంటిచోట పేరు మధ్యలో చుక్క పెట్టండి. జీమెయిల్ చుక్కల్నీ లెక్కచేయదు.

తెలివైన స్పామర్లు తోక కోసేసి అసలు అడ్రసుకే పంపుతారు. దీనికి నాకు తోచిన విరుగుడు ఒకటే. అసలు అడ్రసు బంధుమిత్రులకే ఇవ్వండి, మిగతా అందరికీ తోకదే. అప్పుడు తోక లేకుండా కొత్తవాళ్ల మెయిల్ వచ్చిందంటే అనుమానించాల్సిందే.

బ్యాంకు, పాస్‌పోర్టు, పీఎఫ్‌లకు మాత్రం తోకలు వద్దంటాను. పాస్‌వర్డ్ మర్చిపోయిన రోజు తోక కూడా గుర్తురాకపోతే అనవసరపు టెన్షన్. పైగా మీరిచ్చే జవాబు మామూలుగా అసలు అడ్రసు నుంచే వెళ్తుంది. కస్టమర్ కేర్ వాళ్లు "ఇది మా రికార్డులో లేదండీ" అనొచ్చు.

అభ్యాసం: +పరీక్ష అని తోక పెట్టి మీకు మీరే ఒక మెయిల్ పంపుకుని, దానికి ఫిల్టర్ కట్టండి. ఇచ్చిన తోకల జాబితా ఎలా రాసుకోవాలో వచ్చే పాఠంలో.