షాపులో వెలుతురు, సంగీతం, సువాసన ఎలా అమర్చాలి?

ముందు ఒకటి తేల్చుకోండి. లోపలికి వచ్చినవాళ్లు నిదానంగా తిరిగి అన్నీ చూడాలా, కావలసింది తీసుకుని చకచకా వెళ్లిపోవాలా? వెలుతురు, పాట, వాసన మూడూ దానికి తగ్గట్టే ఉండాలి. తలో దారిన పోతే పెట్టిన డబ్బంతా దండగ.

వెలుతురు సంగతి త్వరగా తేలిపోతుంది. బల్బు పెట్టె మీద సీఆర్‌ఐ (ఆ వెలుతురులో రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె) 90కి తగ్గకుండా చూసుకోండి. తగ్గితే బట్ట రంగు షాపులో ఒకలా, ఎండలో ఒకలా కనబడి సరుకు వెనక్కి వస్తుంది. వెలుతురు ఛాయను కెల్విన్లలో కొలుస్తారు. నిదానం కావాలంటే పసుపు ఛాయ ఉన్న 3000 కెల్విన్, చురుకు కావాలంటే తెల్లగా ఉండే 4000. రెండూ కలిపి వేయొద్దు.

సంగీతానికి ఒక లెక్క ఉంది. 1982లో మార్కెటింగ్ పరిశోధకుడు రొనాల్డ్ మిల్లిమన్ ప్రచురించిన సూపర్‌మార్కెట్ పరీక్షలో, నిమిషానికి 72 బీట్లు దాటని సంగీతం పెట్టినప్పుడు అమ్మకాలు 94కు పైబడినదాని కంటే సుమారు 38 శాతం ఎక్కువ వచ్చాయి. టేబుళ్లు తొందరగా ఖాళీ కావలసిన చోట మాత్రం అదే నిదానం నష్టం. మాటలున్న పాటలు అసలు వద్దు, ధ్యాస వాటి వెంట పోతుంది. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగేంత శబ్దం చాలు.

ఇక వాసన. పని చెడేది ఇక్కడే, తొందరపడొద్దు.

సెంటు తెచ్చేముందు కంపు పోవాలి. డ్రైనేజీ, గోడ చెమ్మ, నానిన అట్టపెట్టెలు, మురికిపట్టిన ఏసీ ఫిల్టర్, అన్నీ వెతికి బాగుచేయండి. కంపు మీద సెంటు చల్లితే రెండూ కలిసి మూడో కంపు పుడుతుంది.

వాసన ఒక్కటే ఎంచుకోండి. అమ్మేవాళ్లు నాలుగైదు కలిపిన మిశ్రమాలే ముందు చూపిస్తారు, లొంగొద్దు. స్విట్జర్లాండ్‌లోని ఒక గృహాలంకరణ షాపులో చేసి 2013లో ప్రచురించిన పరిశోధనలో, నారింజ వాసన ఒక్కటే ఉన్నప్పుడు కస్టమర్లు పెట్టిన ఖర్చు, నారింజలో తులసి జాతి ఆకు, గ్రీన్ టీ కలిపినప్పటి కంటే ఎక్కువ. ఒకే వాసనను మెదడు శ్రమ లేకుండా పోల్చుకుంటుంది. మిశ్రమమైతే అదేమిటో తేల్చుకోవడానికే కొంత ధ్యాస ఖర్చవుతుంది. ఆ వాసన పాటతో కూడా కలవాలి. అన్నా మట్టిలా, యోఖెన్ విర్ట్స్ అనే పరిశోధకులు 2001లో చూపించింది ఇదే: నెమ్మదైన సంగీతానికి లావెండర్, వేగమైనదానికి గ్రేప్‌ఫ్రూట్ జతపడ్డప్పుడు కస్టమర్ల సంతృప్తి పెరిగింది. జత కుదరనప్పుడు ఆ ఫలితం రాలేదు.

అసలు చిక్కు మోతాదు. ముక్కు ఏ వాసనకైనా కొద్ది నిమిషాల్లోనే అలవాటుపడుతుంది. పొద్దుటినుంచి లోపలే ఉన్న యజమానికి వాసన తగ్గినట్టు అనిపించి డిఫ్యూజర్‌ని (గాలిలోకి సెంటు వదిలే యంత్రాన్ని) ఒక గీత పెంచుతారు, కాసేపటికి మరో గీత. అప్పుడే బయటినుంచి అడుగుపెట్టినవాళ్లకు అది తలనొప్పి. అందుకే షాపులో పనిచేసే ఎవరి ముక్కునూ నమ్మొద్దు. అతి తక్కువ గీత మీద మొదలుపెట్టి, కనీసం అరగంట ఆరుబయట ఉన్న మనిషిని లోపలికి పిలవండి. "వాసన ఎలా ఉంది?" అని అడిగితే పరీక్ష పాడైనట్టే. "ఇక్కడ ఏమైనా మార్పు కనిపిస్తోందా?" అనండి. గుమ్మం దాటగానే వాసన మాటెత్తితే ఎక్కువైంది. బాగుంది అని, ఎందుకో చెప్పలేకపోతే సరిపోయింది.

డిఫ్యూజర్ గుమ్మం పక్కన వద్దు. తలకంటే ఎత్తులో, ఏసీ గాలి వదిలే వైపు పెట్టండి. గాలి పీల్చే జాలీ దగ్గరుంటే వాసనంతా ఫిల్టర్‌కే పట్టేస్తుంది. 5 నిమిషాలు ఆన్, 15 నిమిషాలు ఆఫ్. షాపు మూసే గంట ముందే ఆపాలి, లేదంటే బట్టలు, కార్పెట్ పీల్చుకుని పొద్దున తలుపు తీయగానే గుప్పుమంటాయి. ఎవరికైనా దగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఆపేయండి, అమ్మకాల మాట తర్వాత.

ఈ మూడూ కాక స్పర్శ కూడా ఉంది, దానికి చేయాల్సింది కొంచెమే. వస్తువును చేత్తో పట్టుకోగానే అది తమదేనన్న భావన పెరుగుతుందని జోఆన్ పెక్, సుజాన్ షు అనే పరిశోధకులు 2009లో చూపించారు. ప్రతి రకానికీ ఒక నమూనా ప్యాకింగ్ విప్పి చేతికందే ఎత్తులో ఉంచండి, మాసితే మార్చేయండి.

ఫలితం చూడాలంటే వెలుతురు, సంగీతం, వాసన మూడూ ఒకేసారి మార్చొద్దు. వాసన రెండు వారాలు ఉంచి, రెండు వారాలు ఆపి, సోమవారం అమ్మకాన్ని సోమవారంతోనే పోల్చండి. మధ్యలో డిస్కౌంట్ పెడితే ఆ లెక్క పక్కన పడేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టండి.