గుంటలు, క్వింటాళ్లు, తేమ: ఫోర్త్‌ను తెలుగు పదాలతో రాసే పద్ధతి

2 3 + .

ఫోర్త్ అనే కంప్యూటర్ భాషలో ఇలా టైప్ చేసి ఎంటర్ కొడితే 5 వస్తుంది. రెండు, మూడు, కలుపు, చూపించు. చివర ఉన్న చుక్క పని చూపించడం. ఫోర్త్‌లో అంకెలు ముందొస్తాయి, వాటితో చేయాల్సిన పని తర్వాత వస్తుంది. క్రియను వాక్యం చివర పెట్టే తెలుగువాళ్లకు ఈ వరుస కొత్త కాదు. ఫోర్త్‌లో ఆదేశాలను పదాలంటారు. ఫోర్త్‌ను నడిపే ప్రోగ్రాము జీఫోర్త్‌లోనైతే ఈ పదాల పేర్లు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. కంప్యూటర్ భాష ఇంతకుముందు ముట్టుకోని డిగ్రీ, పాలిటెక్నిక్ విద్యార్థి మొదలుపెట్టడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదని మా అభిప్రాయం.

ఫోర్త్‌ను తయారుచేసినాయన చార్లెస్ మూర్. తన భాష నాలుగో తరం కంప్యూటర్లకు సరిపోయేదని 'నాలుగవది' అనే అర్థమొచ్చే ఇంగ్లిష్ పేరు పెట్టాలనుకున్నాడు. ఆయన వాడిన ఐబీఎం 1130లో ఫైలు పేరు ఐదక్షరాలకు మించకూడదు. అందుకే ఒక అక్షరం తీసేస్తే, 'ముందుకు' అని చెప్పే మామూలు ఇంగ్లిష్ మాట మిగిలింది. 1970ల మొదట్లో అమెరికాలో కిట్ పీక్ రేడియో టెలిస్కోపును నడిపింది ఈ భాషే. 2014లో తోకచుక్క మీద దిగిన ఫిలే ల్యాండర్‌లోని కంప్యూటర్లకు ఫోర్త్ కోసం చేసిన చిప్పులే వాడారు.

ఉబుంటు అనే లినక్స్‌లో ప్యాకేజీ పేరు జీఫోర్త్. జి అక్షరం, దాని వెంటనే ఫోర్త్, అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాలే, మధ్యలో ఖాళీ ఉండదు. ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ ఆదేశంతో ఎక్కించుకోండి. విండోస్ వాడేవాళ్లు, విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లో ఉబుంటు పెట్టుకుంటే ఇదే దారి. బయటికి రావాలంటే ఇంగ్లిష్ అక్షరాల్లో బై (వీడ్కోలు మాట) అని కొట్టాలి.

తెలుగు పేర్లు వాడేటప్పుడు ప్రోగ్రామును టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే విండోలో) నేరుగా టైప్ చేయకండి. చాలా టెర్మినళ్లలో గుణింతాలు, ఒత్తులు విడిపోయి కనబడతాయి, కర్సర్ ఎక్కడుందో తెలియదు. టెక్స్ట్ ఎడిటర్‌లో రాసి, యూటీఎఫ్-8గా సేవ్ చేసి, జీఫోర్త్ పక్కన ఆ ఫైలు పేరిచ్చి నడపండి.

ఇక స్టాక్. గోదాములో ఒకదానిమీద ఒకటి పేర్చిన బస్తాల లాంటిది ఇది, చివర వేసిందే ముందు దిగుతుంది. అంకె టైప్ చేస్తే పైన చేరుతుంది. + పైనున్న రెండింటిని తీసుకొని మొత్తాన్ని పెడుతుంది. చుక్క పైదాన్ని తీసి చూపిస్తుంది, అంటే అది ఇక స్టాక్‌లో ఉండదు. తీయకుండా చూడాలంటే చుక్క వెంటనే ఇంగ్లిష్ ఎస్ కొట్టాలి. కొత్తలో ప్రతి లైను తర్వాత ఇది కొట్టి చూడటం అలవాటు చేసుకోండి.

మొదటి పదం భూమి లెక్కతో చేద్దాం. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు.

: ఎకరాలు 40 * ;
: గజాలు 121 * ;

కోలన్ కొత్త పదాన్ని మొదలుపెడుతుంది, సెమీకోలన్ ముగిస్తుంది. ఇప్పుడు 2 ఎకరాలు 15 + . అంటే 95 గుంటలు. 2 ఎకరాలు 15 + గజాలు . అంటే 11495.

వెనక్కి వెళ్లడానికి, అంటే 95 గుంటలను ఎకరాలు, గుంటలుగా విడగొట్టడానికి, భాషలో ముందే ఉన్న పదాలు కావాలి. వాటికి ఒక్కసారి తెలుగు పేర్లు పెట్టుకుంటే చాలు. కింది మూడు లైన్లలో మాడ్, స్వాప్, మ్యాక్స్ అన్నవాటిని మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి.

: విడదీయి /మాడ్ ;
: మార్చు స్వాప్ ;
: పెద్దది మ్యాక్స్ ;

విడదీయి భాగహారం చేసి శేషాన్ని కింద, భాగఫలాన్ని పైన పెడుతుంది.

: చూపు 40 విడదీయి . ." ఎకరాల " . ." గుంటలు " ;

95 చూపు అంటే 2 ఎకరాల 15 గుంటలు అని వస్తుంది. చుక్క, కోట్ గుర్తు కలిసి ఒక పదం కాబట్టి దాని తర్వాత ఒక ఖాళీ తప్పనిసరి.

ఇప్పుడు పత్తి. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో ధర క్వింటాల్‌కు చెబుతారు, కాంటా మీద వచ్చేది కిలోలు.

: సొమ్ము ( కిలోలు ధర -- రూపాయలు ) 100 */ ;

బ్రాకెట్‌లోది మనుషుల కోసం. పదానికి ముందు స్టాక్ మీద ఏముండాలో, తర్వాత ఏం మిగులుతుందో చెబుతుంది. ధర 7000 అనుకుంటే 1865 7000 సొమ్ము . అన్నప్పుడు 130550 వస్తుంది. కిలోలను ముందే 100తో భాగించి క్వింటాళ్లు చేయకండి. ఫోర్త్ మామూలు లెక్కలో దశాంశాలుండవు. 1865ను 100తో భాగిస్తే 18 మాత్రమే వచ్చి, సొమ్ము 126000 అవుతుంది. రైతుకు 4550 రూపాయలు పోయినట్టే. ముందు గుణించి చివర భాగించాలి. */ చేసే పని అదే, పైగా మధ్యలో వచ్చే పెద్ద అంకెకు రెట్టింపు చోటు ఇస్తుంది. చిన్న మైక్రోకంట్రోలర్ల మీద ఆ చోటు లేకపోతే లెక్క తప్పుతుంది.

సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కొనుగోలులో తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు. పైనున్న ఒక్కో శాతానికి ధరలో నూటికి ఒకటి తగ్గుతుందని పెట్టుకుందాం.

: కోత ( ధర తేమ -- ధర ) 8 - 0 పెద్దది 100 మార్చు - 100 */ ;

7000 11 కోత . అంటే 6790. మధ్యలో 0 పెద్దది ఎందుకంటే, తేమ 6 ఉంటే తేడా రుణాత్మకమై ధర పెరిగిపోతుంది. దాన్ని అక్కడే ఆపుతున్నాం.

1865 6790 సొమ్ము . కొడితే 126633 వస్తుంది, 50 పైసలు రాలిపోయాయి. తక్‌పట్టీతో (మార్కెట్‌లో ఇచ్చే లెక్క చీటీతో) పైసలు కూడా సరిపోవాలంటే భాగించకండి. కిలోలను క్వింటాల్ ధరతో నేరుగా గుణిస్తే వచ్చేది పైసల్లోనే ఉంటుంది, 12663350.

: పట్టీ ( కిలోలు ధర తేమ -- ) కోత * 100 విడదీయి . ." రూపాయల " . ." పైసలు " ;

1865 7000 11 పట్టీ అంటే 126633 రూపాయల 50 పైసలు.

షరతులకు తెలుగు పేర్లు పెట్టడం ఇంకో తీరు. ఇఫ్ పదం లోపల కంపైల్ అయ్యేటప్పుడే పనిచేస్తుంది కాబట్టి పైన విడదీయి, మార్చు చేసినట్టు మామూలుగా చుట్టేస్తే సెమీకోలన్ దగ్గర తప్పు చూపుతుంది. పోస్ట్‌పోన్, ఇమ్మీడియట్ కలపాలి. ఇక్కడ కూడా కోలన్ పక్కనున్న పేరు తప్ప మిగతావి ఇంగ్లిష్ అక్షరాల్లో.

: ఐతే పోస్ట్‌పోన్ ఇఫ్ ; ఇమ్మీడియట్
: లేదంటే పోస్ట్‌పోన్ ఎల్స్ ; ఇమ్మీడియట్
: ఇంతే పోస్ట్‌పోన్ దెన్ ; ఇమ్మీడియట్

: కొంటారా ( తేమ -- ) 12 > ఐతే ." కొనరు " లేదంటే ." కొంటారు " ఇంతే ;

షరతు ముందు, ఐతే తర్వాత. ఇంగ్లిష్‌లో ఆలోచించేవాళ్లను తికమకపెట్టే ఈ వరుస మనం మాట్లాడే వరుసే. ఈ మూడూ కోలన్ పదాల లోపలే పనిచేస్తాయి, బయట విడిగా కొట్టకూడదు.

ఎక్కువగా వచ్చే తప్పు, పదం తెలియదనడం. మొదట ఖాళీలు చూడండి. 2 3+ అంటే 3+ అనే పదం కోసం వెతుకుతుంది. వాట్సాప్ నుంచో వర్డ్ నుంచో అతికించిన ప్రోగ్రాములో మామూలు ఖాళీలా కనిపించే విడిపోని ఖాళీ, వంకర కోట్ గుర్తులు ఉండొచ్చు. చెరిపి మళ్లీ కొట్టండి. ౪౦ లాంటి తెలుగు అంకెలను అంకెలుగా గుర్తించదు. అన్నిటికన్నా సతాయించేది కంటికి కనబడని జోడింపు నిరోధక అక్షరం (జీరో విడ్త్ నాన్ జాయినర్). క్వింటాల్ లాంటి పొల్లుతో ముగిసే మాట చివర కొన్ని కీబోర్డులు దాన్ని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. చూడటానికి ఒకటే, ఫోర్త్‌కు రెండు వేర్వేరు పేర్లు. అందుకే పైన అన్నీ అచ్చుతో ముగిసే పేర్లే పెట్టాం.

స్టాక్ ఖాళీ అన్న తప్పు వస్తే ఏదో పదానికి అంకె తక్కువైంది. తప్పు వచ్చాక స్టాక్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, అంకెలు మళ్లీ ఇవ్వాలి.

కోతను మార్చి మళ్లీ రాస్తే కొత్త పదం వస్తుంది, కానీ అంతకుముందే తయారైన పట్టీ పాత కోతనే పిలుస్తుంది. శాతం మార్చినా సొమ్ము మారలేదంటే కారణం ఇదే. ఫైలులో సరిచేసి, జీఫోర్త్ నుంచి బయటికొచ్చి, ఫైలును మొదటినుంచి నడపండి.